2030 దాకా ఆగు తమ్ముడూ: అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో ఎవరు ఎటు పోతారో నా లెక్క

తమ్ముడూ, నీ ప్రశ్న చదివి నవ్వుకున్నాను. డాలస్‌లో మీ రూమ్‌లో ఒకడు ఆస్టిన్‌లో టెక్సస్ యూనివర్సిటీలో చదివినవాడు, ఇంకొకడు కాలేజ్ స్టేషన్‌లో టెక్సస్ ఏ అండ్ ఎంలో చదివినవాడు. ఇక శనివారం వస్తే నీకు నిద్రెక్కడిది! "కాలేజీ జట్లు గుంపుగా కలిసి ఆడే ఈ కాన్ఫరెన్స్‌లు పదేళ్ల తర్వాత ఉంటాయా, చివరికి రెండే మిగులుతాయా? పీకేసిన కోచ్‌కి కోట్లు ఇవ్వడమేంటి, అది ఎంతకాలం నడుస్తుంది?" అని అడిగావు. రెండు ప్రశ్నలకీ మూలం ఒకటే కాబట్టి కలిపే చెప్తాను. కాస్త పొడుగవుతుంది, టీ పెట్టుకుని కూర్చో.

ముందు నా సంగతి. 2001లో ఎం.ఎస్. కోసం కాలేజ్ స్టేషన్‌లో దిగాను. అప్పటిదాకా ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నేదే అనుకునేవాణ్ణి. మొదటి ఆటలో చేతుల్తో పట్టుకుని పరిగెడుతుంటే "ఫౌల్ కదా?" అని పక్కవాణ్ణి అడిగిన ఘనుణ్ణి. అప్పట్నుంచి పాతికేళ్లుగా చూస్తూనే ఉన్నా. టెక్సస్ ఏ అండ్ ఎం అంటే నాకు పక్షపాతం ఉంది. అది తీసేసి చదువుకో.

ఎవరు ఏ కాన్ఫరెన్స్‌కి పోతారో తెలియాలంటే మ్యాప్ చూడకు, సంప్రదాయం చూడకు, గెలుపోటములు అసలే చూడకు. టీవీ కాంట్రాక్టు ఏ ఏడాది ముగుస్తుందో చూడు. నా లెక్క మొత్తం దాని మీదే నిలబడి ఉంది.

మ్యాప్ ఎందుకు వద్దన్నానంటే, బిగ్ టెన్ అనే కాన్ఫరెన్స్‌లో ఇప్పుడు పద్దెనిమిది జట్లు. బిగ్ 12లో పదహారు. అట్లాంటిక్ తీరం పేరు పెట్టుకున్న ఏసీసీలో పసిఫిక్ తీరాన ఉన్న స్టాన్‌ఫర్డ్, కాల్ (బర్కిలీలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ) ఆడుతున్నాయి. మన దగ్గర ఎమ్మెల్యేలు కండువా మారిస్తే పొద్దున ఒక జెండా, సాయంత్రం ఒక జెండా కనిపిస్తుంది. ఇక్కడ జట్టు మారినా జెండా అదే, జెండా మీద అంకె కూడా అదే!

ఇదంతా 1984లో మొదలైంది. అంతవరకు ఎవరి ఆట టీవీలో రావాలో, ఎన్నిసార్లు రావాలో కాలేజీ ఆటల జాతీయ సంఘం ఎన్‌సీఏఏ ఒక్కటే నిర్ణయించేది. ఓక్లహోమా, జార్జియా యూనివర్సిటీలు కోర్టుకెక్కాయి. ఆ పెత్తనం చట్టవిరుద్ధమని ఆ ఏడాది సుప్రీంకోర్టు తేల్చేసింది. ఆ రోజు నుంచి ఎవరి ఆట వాళ్లు అమ్ముకోవచ్చు. ఒంటరిగా అమ్మితే ఒక ధర, గుంపుగా అమ్మితే ఇంకో ధర. గుంపులో పెద్ద పేర్లుంటే వేరే ధర. కాన్ఫరెన్స్ అంటే ఒకప్పుడు బస్సులో వెళ్లి ఆడొచ్చే ఇరుగుపొరుగు కాలేజీల సంఘం. 1984 తర్వాత అది నెమ్మదిగా టీవీకి సరుకు అమ్మే కంపెనీ అయింది. ఈ మార్పు అర్థమైతే మిగతా వార్తలేవీ నీకు వింతగా అనిపించవు.

టీవీ కాంట్రాక్టు కుదరకపోతే ఏమవుతుందో పాక్-12ని చూస్తే తెలుస్తుంది. పసిఫిక్ తీరాన 1915లో పుట్టిన కాన్ఫరెన్స్ అది. 2022 జూన్ 30న యూఎస్‌సీ, యూసీఎల్‌ఏ బిగ్ టెన్‌కి పోతున్నట్టు ప్రకటించాయి. లాస్ ఏంజెలెస్ మార్కెట్ పోయాక మిగిలినవాళ్లకి ఎవరూ మంచి ధర ఇవ్వలేదు. ఏడాది గడిచినా కాంట్రాక్టు లేదు. 2023 జులైలో కొలరాడో జారుకుంది. చివరికి యాపిల్ కంపెనీ స్ట్రీమింగ్ బేరం ఒకటి తెచ్చింది. ఎంతమంది చందా కడితే అంత డబ్బు అనే తరహా బేరం. ఆగస్టు 4 పొద్దున మిగిలిన తొమ్మిది యూనివర్సిటీలూ కూర్చుని సంతకాలు పెడతాయన్నారు. ఆ పొద్దునే వాషింగ్టన్, ఆరెగన్ బిగ్ టెన్‌కి జంప్. సాయంత్రానికి ఆరిజోనా, ఆరిజోనా స్టేట్, యూటా బిగ్ 12కి. ఆ రోజు నేను ఆఫీసులో మీటింగ్‌లో ఉన్నా. ఫోన్ బల్ల కింద పెట్టుకుని చూస్తుంటే గంటకో పేరు ఎగిరిపోతోంది. నూట ఎనిమిదేళ్ల సంఘం ఒక్క శుక్రవారంలో కూలిపోయింది. సెప్టెంబర్ నాటికి మిగిలినవి ఆరెగన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్. అందరూ వెళ్లిపోయాక పాత ఇంట్లో మిగిలిన ఇద్దరన్నదమ్ముల్లా అవి కోర్టుకెళ్లి, ఉన్న ఆస్తి మీద హక్కు తెచ్చుకున్నాయి. బాయిజీ స్టేట్, శాన్ డియేగో స్టేట్ లాంటివాళ్లని పిలిచి 2026 జులై నుంచి అదే బోర్డు కింద కొత్త కాపురం పెడుతున్నాయి. పేరు మిగిలింది, బరువు పోయింది.

గమనించు, పాక్-12ని ఎవరూ పగబట్టి కూల్చలేదు. వాళ్ల పాత కాంట్రాక్టు 2024 వేసవిలో ముగుస్తోంది, కొత్తది లేదు. అంతే.

ఇప్పుడు అదే కళ్లతో మిగతావి చూద్దాం. బిగ్ టెన్‌కి ఫాక్స్, సీబీఎస్, ఎన్‌బీసీలతో 2022లో కుదిరిన ఏడేళ్ల ఒప్పందం 700 కోట్ల డాలర్లకి పైమాటే. 2029 సీజన్‌తో అది అయిపోతుంది. బిగ్ 12 ఒప్పందం 2030-31తో సరి. జాతీయ ఛాంపియన్‌ని తేల్చే ప్లేఆఫ్‌లకి ఈఎస్‌పీఎన్ అనే క్రీడా చానెల్ ఏడాదికి 130 కోట్ల డాలర్ల చొప్పున ఇస్తున్న ఒప్పందం 2031-32 దాకా. దక్షిణాది జట్ల కాన్ఫరెన్స్ ఎస్‌ఈసీకి ఈఎస్‌పీఎన్‌తో 2033-34 దాకా ఉంది. ఒక్క ఏసీసీ మాత్రం 2036 దాకా ఈఎస్‌పీఎన్‌కి కట్టేసుకుని ఉంది, అదీ మిగతావాళ్లతో పోలిస్తే తక్కువ ధరకి. పైగా అందులోని జట్లు తమ సొంత మైదానంలో జరిగే ఆటల ప్రసార హక్కుల్ని కాన్ఫరెన్స్ పేరిట రాసిచ్చేశాయి. ఇల్లు తాకట్టు పెట్టి డాక్యుమెంట్లు బ్యాంకులో ఉన్నట్టు. కొనడానికి ఎవరో వచ్చినా నీ చేతిలో కాగితం లేదు.

ఫ్లోరిడా స్టేట్ 2023 డిసెంబర్‌లో, క్లెమ్సన్ 2024 మార్చిలో ఆ కాగితం మీదే కేసులు వేశాయి. 2025 మార్చిలో రాజీ కుదిరింది. టీవీలో ఎక్కువమంది చూసే జట్లకి ఎక్కువ వాటా. వెళ్లిపోవాలంటే కట్టాల్సిన మొత్తం ఏటేటా తగ్గుతూ 2030-31 నాటికి 7.5 కోట్ల డాలర్లకి దిగుతుంది. వెళ్లేటప్పుడు ప్రసార హక్కులు కూడా వెంట తీసుకుపోవచ్చు. పేపర్లన్నీ "ఏసీసీలో శాంతి" అని రాశాయి. నాకైతే అది పెళ్లి నిలబెట్టిన రాజీలా కనిపించలేదు. విడాకులకి ముహూర్తం పెట్టుకున్నట్టే అనిపించింది.

బిగ్ టెన్ కొత్త బేరం, బిగ్ 12 గడువు, ఏసీసీ తలుపు తెరుచుకోవడం, మూడూ ఏడాదిన్నర వ్యవధిలో వస్తాయి. అందుకే అప్పటిదాకా పెద్ద జట్లేవీ కదలవని నా నమ్మకం. మధ్యలో ఎన్ని పుకార్లు వచ్చినా పట్టించుకోకు. 2029 శీతాకాలంలో మాటలు మొదలవుతాయి, 2030-31 మధ్య కదలికలు ఉంటాయి. ఫ్లోరిడా స్టేట్, క్లెమ్సన్, మయామీ, నార్త్ కెరొలైనా, ఈ నలుగురిలో కనీసం ముగ్గురు ఏసీసీ వదిలేస్తారు. నార్త్ కెరొలైనా కోసం ఎస్‌ఈసీ, బిగ్ టెన్ రెండూ కొట్టుకుంటాయి, ఎందుకంటే ఆ రాష్ట్రంలో ఇప్పటికి ఇద్దరికీ జట్టు లేదు. ఫ్లోరిడా స్టేట్ సంగతి వేరు. ఎస్‌ఈసీలో ఫ్లోరిడా యూనివర్సిటీ ముందే ఉంది కాబట్టి ఆ రాష్ట్రం వాళ్లకి కొత్తగా రాదు. అందుకే ఫ్లోరిడా స్టేట్ ఉత్తరానికి, అంటే బిగ్ టెన్ వైపు చూడాల్సి రావచ్చు. ఇది వింటే మా ఫ్లోరిడా మిత్రుడు కొడతాడు, అయినా నా అభిప్రాయం అదే.

ఫుట్‌బాల్‌లో ఏ కాన్ఫరెన్స్‌లోనూ లేకుండా ఒంటరిగా ఆడే నోటర్ డామ్ గురించి అడుగుతావని తెలుసు. మొన్న 2025 ప్లేఆఫ్‌లో చోటు దక్కక అలిగి, ప్లేఆఫ్‌కి వెళ్లని జట్లు సీజన్ చివర్లో ఆడే బౌల్ ఆట కూడా వద్దన్నారు. అలిగినంత మాత్రాన ఏ కాన్ఫరెన్స్‌లోనూ చేరరు. 2026 నుంచి ర్యాంకుల్లో మొదటి పన్నెండులో ఉంటే వాళ్లకి చోటు ఖాయం అని రాసుకున్నారు, ఎన్‌బీసీ ఒప్పందం 2029 దాకా ఉంది. సొంతిల్లు ఉన్నవాడు అద్దెకి ఎందుకొస్తాడు?

ఇక అసలు ప్రశ్న, "చివరికి రెండే మిగులుతాయా?" మీ ఆస్టిన్ కుర్రాడు ఎస్‌ఈసీ, బిగ్ టెన్ కలిసిపోయి ఒక సూపర్ లీగ్ అవుతుందని వాదిస్తున్నాడన్నావు. అవ్వదని నేననుకుంటున్నా. కలిస్తే గుత్తాధిపత్యం కేసులు మీద పడతాయి. 1984లో ఎన్‌సీఏఏని పడగొట్టింది ఆ చట్టమే. రెండోది, ఎస్‌ఈసీ కమిషనర్ గ్రెగ్ శాంకీ, బిగ్ టెన్ కమిషనర్ టోనీ పెటిటీ ప్లేఆఫ్‌లో ఎన్ని జట్లుండాలో దాని మీదే ఒక మాట మీదకి రాలేకపోయారు. ఒకాయన పదహారంటాడు, ఇంకొకాయన ఇరవై నాలుగంటాడు. అది తేలకే 2026లో కూడా పన్నెండుతోనే సరిపెట్టుకున్నారు. పైగా కలవాల్సిన అవసరమేముంది? 2026 నుంచి ప్లేఆఫ్ రూపురేఖల మీద చివరి మాట ఆ ఇద్దరిదే. పెళ్లి చేసుకోకుండానే ఇల్లు నడుస్తోంది కదా.

"బలహీన జట్లని తీసేసి పెద్దవాళ్లే ఆడుకుంటారు" అనేది ఇంకో జోస్యం. పదేళ్ల క్రితం ఇది అడిగి ఉంటే నేనూ ఊ కొట్టేవాణ్ణి. అప్పుడు తీసేయాల్సినవాళ్ల లిస్టు రాయమంటే బిగ్ టెన్ నుంచి ఇండియానా, ఎస్‌ఈసీ నుంచి వాండర్‌బిల్ట్ అని కళ్లు మూసుకుని రాసేవాణ్ణి. 2025లో వాండర్‌బిల్ట్ పది ఆటలు గెలిచింది. ఇండియానా పదహారుకి పదహారూ గెలిచి, జనవరి 19న మయామీని వాళ్ల ఊళ్లోనే 27-21తో ఓడించి దేశానికే ఛాంపియన్ అయింది. చరిత్రలో అత్యధిక ఆటలు ఓడిన జట్ల లిస్టులో పైన ఉండే ఇండియానా! కాబట్టి ఎవర్నీ గెంటరు. గెంటే బదులు వాటాలు మారుస్తారు. ఏసీసీ ఇప్పటికే మొదలుపెట్టింది, ఎక్కువమంది చూస్తే ఎక్కువ డబ్బు. వచ్చే ఒప్పందంలో బిగ్ టెన్‌లోనూ ఒహాయో స్టేట్, మిషిగన్ ఇదే అడుగుతాయి. కాలిఫోర్నియా యూనివర్సిటీల పెన్షన్ నిధి నుంచి 240 కోట్ల డాలర్లు తెచ్చే ఆలోచన ఒకటి 2025లో నడిచింది. మిషిగన్, యూఎస్‌సీ అడ్డం తిరగడంతో ఆగింది. ఆగింది కానీ చావలేదు.

ఇప్పుడు నా సొంత గోడు కాస్త విను, ఎందుకంటే నా జోస్యాల్లో నాకు బాగా ఇష్టమైనది దీన్నుంచే వచ్చింది.

టెక్సస్, ఏ అండ్ ఎం మొదటిసారి ఆడింది 1894లో. నేను వచ్చినప్పటికి ఇద్దరూ బిగ్ 12లో ఉన్నారు. థాంక్స్‌గివింగ్ వారం వచ్చిందంటే ఊరంతా ఆ ఆట గొడవే. 2011లో ఈఎస్‌పీఎన్‌తో కలిసి టెక్సస్ సొంత చానెల్ పెట్టుకుంది. ఏ అండ్ ఎంకి ఒళ్లు మండి ఎస్‌ఈసీకి వెళ్లిపోయింది. 2011 నవంబర్ 24 రాత్రి మా స్టేడియం కైల్ ఫీల్డ్‌లో ఆఖరి ఆట. అక్కడ విద్యార్థులు ఆట మొత్తం నిలబడే చూస్తారు, పాతవాళ్లు చాలామంది కూడా అంతే. మా ముందు వరసలో డెబ్బై దాటిన పెద్దాయన, మెరూన్ స్వెట్టర్, మూడున్నర గంటలు నిలబడే ఉన్నాడు. చివరి సెకన్లలో టెక్సస్ కిక్కర్ జస్టిన్ టక్కర్ ఫీల్డ్ గోల్ కొట్టాడు. 27-25. బంతి కర్రల మధ్య నుంచి వెళ్లగానే ఆయన ఏమీ అనకుండా కూర్చున్నాడు. ఆ రాత్రి ఆయన కూర్చోవడం అదే మొదలు. చేతిలో ఉన్న పల్లీల పొట్లం మా ఆవిడకి ఇచ్చి, "తినమ్మా, ఇంక నాకెందుకు" అన్నట్టు చెయ్యి ఊపాడు.

పదమూడేళ్లు ఆ ఆట లేదు. రెండు ఊళ్ల మధ్య దూరం కారులో రెండు గంటలు కూడా ఉండదు. నాయకులు అడిగారు, రాష్ట్ర శాసనసభలో బిల్లు పెట్టారు, ఏమీ జరగలేదు. 2024లో టెక్సస్ కూడా ఎస్‌ఈసీలో చేరాక, ఎవరూ అడగకుండానే ఆట వచ్చేసింది. నవంబర్ 30న అదే కైల్ ఫీల్డ్‌లో, టెక్సస్ 17-7. టీవీ కోసం పోయింది, టీవీ కోసమే తిరిగొచ్చింది.

కాబట్టి నా జోస్యం ఇది. పోయిన పాత పోటీల్లో డబ్బు పలికేవి 2035 లోపల తిరిగొస్తాయి, కాన్ఫరెన్స్ కాకపోయినా ఒప్పందం మీద. డబ్బు పలకనివి పోయినట్టే. వాషింగ్టన్ స్టేట్ అభిమానులకి ఇది చెప్పడానికి నాకు నోరు రావడం లేదు. ఇంకోటి, ఫుట్‌బాల్ ఒక్కటే ఈ పెద్ద కాన్ఫరెన్స్‌ల్లో ఉండి వాలీబాల్, సాఫ్ట్‌బాల్ లాంటివి మళ్లీ దగ్గరి ఊళ్ల లీగుల్లోకి వెళ్తాయి. న్యూజెర్సీలోని రట్గర్స్ వాలీబాల్ అమ్మాయిలు మంగళవారం పరీక్ష పెట్టుకుని సియాటెల్ దాకా ఎగరడంలో అర్థం లేదని యూనివర్సిటీ లెక్కలవాళ్లకే ముందు అర్థమవుతుంది, దయ వల్ల కాదు, విమానం బిల్లుల వల్ల.

కోచ్‌ల దగ్గరకి వద్దాం. నీకు బాగా మండింది ఇక్కడే అనుకుంటా.

2023 నవంబర్‌లో మా ఏ అండ్ ఎం కోచ్ జింబో ఫిషర్‌ని పంపించేశారు. పంపినందుకు ఆయనకి రావాల్సింది దాదాపు 7.6 కోట్ల డాలర్లు. 2017లో పదేళ్లకి 7.5 కోట్ల డాలర్లు, ప్రతి పైసాకీ గ్యారంటీ ఇచ్చి తెచ్చుకున్నారు. వచ్చిన కొత్తలో ఆయనకో ఫలకం ఇచ్చారు. దాని మీద "జాతీయ ఛాంపియన్లు" అని చెక్కి, సంవత్సరం దగ్గర 20 అని రాసి తర్వాతి రెండు అంకెలు ఖాళీగా వదిలారు. ఆ ఖాళీ అలాగే ఉంది. ఒక మంచి సీజన్ తర్వాత, 2021లో, ఇంకా నాలుగేళ్లు పొడిగించారు. మొదటి కాంట్రాక్టు రాసిన అథ్లెటిక్ డైరెక్టర్ (యూనివర్సిటీ ఆటల విభాగం పెద్ద) స్కాట్ వుడ్‌వర్డ్ అప్పటికే లూసియానా స్టేట్ యూనివర్సిటీ, అంటే ఎల్‌ఎస్‌యూకి మారిపోయాడు. అక్కడ బ్రయన్ కెల్లీని తెచ్చిందీ ఆయనే. 2025 అక్టోబర్‌లో కెల్లీని తీసేస్తే ఎల్‌ఎస్‌యూ మీద పడ్డది సుమారు 5.4 కోట్ల డాలర్లు. లూసియానా గవర్నరే మీడియా ముందుకొచ్చి చిందులేశాడు, ఆ వారంలోనే వుడ్‌వర్డ్ కూడా పోయాడు.

అయినా వాళ్లు నేర్చుకున్నదేమిటి? నెల తిరగ్గానే లేన్ కిఫిన్‌ని ఏడేళ్లకి, ఏడాదికి దాదాపు 1.3 కోట్ల డాలర్లకి తెచ్చారు. కిఫిన్ అప్పటికి ఓల్ మిస్ (మిసిసిపీ యూనివర్సిటీ) కోచ్, ఆ జట్టు ప్లేఆఫ్‌కి వెళ్లబోతోంది. పెళ్లి పీటల మీద నుంచి లేచిపోయినట్టు వెళ్లాడు. అసిస్టెంట్‌గా ఉన్న పీట్ గోల్డింగ్ పగ్గాలు పట్టుకుంటే ఆ కుర్రాళ్లు జార్జియాని ఓడించి సెమీఫైనల్ దాకా వెళ్లారు. నాకు ఆ సీజన్‌లో బాగా నచ్చిన సంగతి అదే.

"ఎందుకిస్తారు?" అన్నావు. మూడు కారణాలు కలిసి పనిచేస్తాయి. ఆ డబ్బులో చాలా భాగం దాతలది, యూనివర్సిటీ బడ్జెట్‌ది కాదు. ఆయిల్ డబ్బున్న పూర్వవిద్యార్థికి ఓటమి ముందు కోటి పెద్ద లెక్క కాదు. పైగా కోచ్‌ని వెతికే సమయం పదిరోజులు, వెతికేవాళ్లు పదిహేనుమంది, గట్టి కోచ్‌లు నలుగురు. అలాంటి బేరంలో ధర ఎవరు నిర్ణయిస్తారో కూరగాయల మార్కెట్‌కి వెళ్లిన ఎవరికైనా తెలుసు. మూడోది ఏజెంట్లు. ఫిషర్, కిఫిన్, జార్జియా కోచ్ కర్బీ స్మార్ట్, ముగ్గురికీ ఏజెంట్ ఒకడే, జిమ్మీ సెక్స్‌టన్. పక్క ఊళ్లో ఎంత ఇస్తున్నారో అతనికి తెలిసినంతగా కొనేవాళ్లకి తెలియదు.

కాంట్రాక్టులో నువ్వు చూడాల్సిన లైను జీతం కాదు. తీసేశాక ఆ కోచ్‌కి ఇంకోచోట ఉద్యోగం దొరికితే, ఆ జీతం మేరకు పాత బాకీ తగ్గుతుందా లేదా అన్నది. ఫిషర్ కాంట్రాక్టులో ఆ లైను లేదు, ఆయన ఇంకోచోట ఎంత సంపాదించినా ఏ అండ్ ఎం కట్టాల్సిందే. పెన్ స్టేట్ 2025 అక్టోబర్‌లో జేమ్స్ ఫ్రాంక్లిన్‌ని తీసేసింది. అంతకుముందు సీజన్‌లో సెమీఫైనల్ ఆడించినవాణ్ణి, వరసగా మూడు ఓడాడని! అప్పుడు బాకీ 4.9 కోట్ల డాలర్ల దాకా అన్నారు. నెల దాటిన కొద్ది రోజులకే ఆయన వర్జీనియా టెక్‌లో చేరాడు, పెన్ స్టేట్ 90 లక్షలతో తెంపుకుంది. ఒక్క లైను విలువ నాలుగు కోట్లు. ఇకమీదట ఆ లైను లేకుండా ఏ అథ్లెటిక్ డైరెక్టరూ సంతకం పెట్టడని అనుకోవాలనుంది. కానీ ఈ ఆటలో సిగ్గు జ్ఞాపకం ఒక్క సీజనే. పెద్ద పెద్ద సెటిల్‌మెంట్లు ఇంకో ఐదేళ్లు చూస్తావు. తగ్గేది ఆటగాళ్ల జీతాలు గట్టిపడ్డాకే.

అది ఇప్పటికే మొదలైంది. 2025 జూన్ 6న జడ్జి క్లాడియా విల్కెన్ ఆమోదించిన 'హౌస్' అనే కేసు రాజీతో యూనివర్సిటీలే నేరుగా ఆటగాళ్లకి డబ్బు ఇవ్వొచ్చు. మొదటి ఏడాది పరిమితి యూనివర్సిటీకి 2.05 కోట్ల డాలర్లు. పాత ఆటగాళ్లకి బకాయి కింద అందరికీ కలిపి 280 కోట్ల డాలర్లు. పరిమితి అని పేరే గానీ బయటి స్పాన్సర్ల డబ్బు దానికి అదనం. టెక్సస్ టెక్‌ని చూడు, దాతలు జేబులు దులిపి ఆటగాళ్లని తెచ్చారు, 2025లో మొదటిసారి బిగ్ 12 టైటిల్ గెలిచింది. ఆటగాళ్ల ట్రాన్స్‌ఫర్ పోర్టల్ మన ఎంసెట్ కౌన్సెలింగ్‌లో స్లైడింగ్ లాంటిదే, ఒక కాలేజీలో సీటొచ్చినా ఇంకా మంచిదానికి జరుగుతూ పోవచ్చు. తేడా ఏంటంటే ఇక్కడ ఏటా జరగొచ్చు, ఫీజు మనం కట్టక్కర్లేదు, వాళ్లే ఇస్తారు.

దీంతో కోచ్ పని మారిపోయింది. పదిహేడేళ్ల కుర్రాడి ఇంటికెళ్లి వాళ్లమ్మ చేతి వంట మెచ్చుకుని, నాలుగేళ్లు పెంచి పెద్దచేసే తరం అలబామా కోచ్ నిక్ సేబన్‌తో సగం వెళ్లిపోయింది. ఏడు జాతీయ టైటిళ్లు గెలిచిన మనిషి 2024 జనవరిలో ఇక చాలన్నాడు. ఇప్పుడు కావాల్సింది ప్రతి జనవరిలో రెండు వారాల్లో సగం జట్టుని కొత్తగా కొనగలిగే కన్ను. స్టాన్‌ఫర్డ్ ఆ పనికి తన పాత క్వార్టర్‌బ్యాక్ ఆండ్రూ లక్‌ని జనరల్ మేనేజర్‌గా పెట్టుకుంది. ఐదారేళ్లలో పెద్ద జట్లలో కోచ్‌ని తీసేసినా మేనేజర్ ఉండిపోయే పద్ధతి వస్తుంది. అప్పుడు కోచ్ ధర తగ్గుతుంది.

ఆ కన్ను ఎవరికి ఉందంటే ఇండియానా కోచ్ కర్ట్ సిగ్నెట్టికి. సేబన్ దగ్గర అలబామాలో అసిస్టెంట్‌గా మంచి ఉద్యోగం వదిలేసి, 2011లో జీతం తగ్గించుకుని పెన్సిల్వేనియాలో రెండో డివిజన్ జట్టుకి హెడ్ కోచ్‌గా వెళ్లాడు. అప్పటికి యాభైకి దగ్గర పడ్డాడు. తర్వాత ఈలాన్, తర్వాత జేమ్స్ మాడిసన్ యూనివర్సిటీలు. ఇండియానాకి 2023 చివర్లో వచ్చినప్పుడు "నేను గెలుస్తాను. గూగుల్ చేసుకోండి" అన్నాడు, అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. జేమ్స్ మాడిసన్ నుంచి తన ఆటగాళ్లని పదమూడుమందిని వెంట తెచ్చుకున్నాడు. స్టార్ ర్యాంకులు కాకుండా ఆడిన ఆటలు, వయసు, నిలకడ చూసి మిగతావాళ్లని ఏరాడు. రెండేళ్లలో కప్పు. అందుకే ఈసారి ఖాళీలు ఎలా నిండాయో చూశావా? పెన్ స్టేట్‌కి ఐయోవా స్టేట్ నుంచి మ్యాట్ క్యాంప్‌బెల్, ఫ్లోరిడాకి ట్యులేన్ నుంచి జాన్ సమ్రాల్, యూసీఎల్‌ఏకి జేమ్స్ మాడిసన్ నుంచి బాబ్ చెస్నీ. తక్కువ డబ్బుతో ఎక్కువ పిండినవాళ్లు. ఇంకోవైపు నార్త్ కెరొలైనా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో హెడ్ కోచ్‌గా ఆరు సూపర్ బౌల్‌లు గెలిచిన బిల్ బెలిచిక్‌ని తెస్తే మొదటి ఏడాది నాలుగు గెలిచి ఎనిమిది ఓడింది. పెద్ద పేరు కోసం పరిగెత్తే రోజులు కొంతకాలం తగ్గుతాయి. పూర్తిగా పోవు, ఎందుకంటే దాతలకి ఫొటో కావాలి.

వీళ్లలో ఎవరు నిలుస్తారు అంటే క్యాంప్‌బెల్ మీద నేను పందెం కాస్తా. కిఫిన్ ఎల్‌ఎస్‌యూలో ఏడేళ్లు పూర్తిచేస్తాడని మాత్రం కాయను. టైటిల్ గెలిస్తే తనే పోతాడు, గెలవకపోతే వాళ్లే పంపుతారు.

ప్లేఆఫ్ గురించి ఒక్క మాట. 2028 లోపల పదహారు, తర్వాతి ఒప్పందంలో ఇరవై నాలుగు. అప్పటికి డిసెంబర్ మొదటి శనివారం కాన్ఫరెన్స్ ఫైనళ్లు ఉండవు. 2025లో ఐదాటలు ఓడిన డ్యూక్ ఏసీసీ గెలిచి, అయినా ప్లేఆఫ్‌కి వెళ్లలేక, ఆ చోటు జేమ్స్ మాడిసన్‌కి పోయిన రోజే ఆ ఫైనళ్లకి నూకలు చెల్లాయి.

ఈ ఏడాది థాంక్స్‌గివింగ్ ఆట మళ్లీ కైల్ ఫీల్డ్‌లోనే. మీ రూమ్‌వాళ్లిద్దర్నీ ఒకే కారులో ఎక్కించుకుని రా, ముందు సీటు ఎవరికిచ్చినా గొడవే కాబట్టి నువ్వే కూర్చో. మధ్యాహ్నం నుంచి పార్కింగ్ లాట్‌లో మా గుంపు ఉంటుంది. అందరూ బార్బెక్యూ పొగలో ఉంటే మేం పులిహోర డబ్బా, ఆవకాయ, చికెన్ ఫ్రై పెట్టుకుని కూర్చుంటాం, వాసనకి పక్క టెంట్‌వాళ్లు కూడా వస్తారు. మంచి షూస్ వేసుకో. మూడున్నర గంటలు నిలబడాలి.